ఒక్కసారే ఇచ్చే మాట

చాంగ్ స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని గంట దాటింది. లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయి కూడా చాలాసేపయింది.

చన్‌పెన్ తలుపు పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. తలుపు కొట్టలేదు. కొడితే అరుస్తాడేమోనని కాదు. పద్నాలుగు రోజులు జిల్లా ఆసుపత్రిలో ఉండి మొన్ననే ఇంటికొచ్చిన కొడుకు ఈ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆమెకి అదే భయంగా ఉంది.

వాకిట్లో పికప్ బండి హారన్ మోగింది. కూతురు మాలై స్టీరింగ్ ముందు నుంచి దిగి, చెప్పులు మెట్ల కింద విడిచి, విసవిసా లోపలికి వచ్చింది.

"గుడివాళ్ళు నాలుగింటికి గేటు మూసేస్తామన్నారమ్మా. మూడు గంటల దారి. ఇప్పుడు పన్నెండు."

"వస్తున్నాడులే."

"వస్తున్నాడో, కిటికీలోంచి పోయాడో చూశావా?"

"ఆ కిటికీలోంచి పిల్లి కూడా పట్టదు."

"ఇప్పుడు వాడు పిల్లికంటే లావుగా ఉన్నాడా ఏంటి? నువ్వే కదా పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నాడని చాంగ్, అంటే ఏనుగు, అని ముద్దుపేరు పెట్టింది."

"వింటున్నానక్కా," అన్నాడు చాంగ్ లోపల నుంచి.

చన్‌పెన్‌కి పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది.

"బయటికి రా నాన్నా. అన్నం బుట్టలో పెట్టాను. దార్లో తిందువు."

"అమ్మా, అక్కడ ఏ పేరు చెప్పాలి?"

చన్‌పెన్ చెయ్యి పట్టుకోవడానికి ఏదో వెతుక్కుంది. దొరికింది నడుముకి చుట్టుకున్న లుంగీ అంచు. దాన్నే మడతలు పెడుతూ కూర్చుంది.

"కార్డులో ఏముంటే అదే," అంది మాలై. "తావన్. ఇరవై నాలుగేళ్ళు. కార్డు చూపిస్తే అయిపోతుంది. పేర్లే రాస్తారక్కడ, కార్డు నంబర్లు రాయరు."

"మరి సోంబత్ ఇచ్చిన మాట ఏమైనట్టు?"

"సోంబత్ ఎవరూ లేరురా ఇప్పుడు. మండలాఫీసులో కొట్టేశారు."

లోపల చాంగ్ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చన్‌పెన్‌కి నచ్చలేదు.

పేరు మార్పించింది ఆమే. పోయిన ఏడు కోతలయ్యాక వాడు మళ్ళీ ఆ మత్తు పట్టే ఎర్ర మాత్రలు మొదలుపెట్టినప్పుడు, పొరుగూరి జ్యోతిష్యుడి దగ్గరికి వెళ్ళింది. బుధవారం పుట్టినవాడికి సోంబత్ అన్న పేరు అచ్చిరాదన్నాడు ఆయన. ఊళ్ళో సగం మందికి అలా మార్చిన పేర్లే. వ్యాపారం పోయినవాళ్ళు, పిల్లలు కలగనివాళ్ళు, బండి గుద్దుకున్నవాళ్ళు, అందరూ మండలాఫీసులో క్యూ కట్టి మార్చుకున్నవాళ్ళే. చన్‌పెన్ కూడా కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళింది. కొత్త కార్డు చేతికొచ్చిన రోజున కోడిని కోసి చుట్టాలకి భోజనం పెట్టింది. తావన్ అంటే సూర్యుడు. ఆ సూర్యుడు నెల తిరక్కుండానే అమ్మ చెవి దుద్దులు తీసుకుపోయి అమ్ముకున్నాడు.

ఇప్పుడు ఆ పేరు మరో పనికొస్తోంది.

గడియ తీసిన చప్పుడు. చాంగ్ బయటికి వచ్చాడు. తల నున్నగా గొరిగేసుకున్నాడు. చెవి వెనక రెండు చోట్ల తెగి రక్తం వస్తోంది.

"ఇదేంట్రా," అంది చన్‌పెన్ లేస్తూ.

"అక్కడికెళ్తే ఎలాగూ తియ్యాలిగా." బ్లేడు అమ్మ చేతిలో పెట్టాడు. "నేను వస్తానమ్మా. నిన్న మాత్రలమ్మేవాడి బండి రెండుసార్లు వీధిలో తిరిగింది, నువ్వు చూడలేదు. మూడోసారి తిరిగితే నేను ఎక్కేస్తాను. అది నాకు తెలుసు. కానీ దేవుడి ముందు నిజం చెప్తానని ఒట్టేసి, అబద్ధం పేరు చెప్పమంటే ఎలా?"

"ముందు లోపలికి వెళ్ళు. తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు."

"ఇంకెక్కడైనా లేదా?"

ఆ మాటకి మాలై విరుచుకుపడింది. "ఎక్కడుందిరా? నువ్వు ఆసుపత్రిలో పడుకున్న పద్నాలుగు రోజులూ నేనూ అమ్మా తిరగని చోటు లేదు. జిల్లా వాళ్ళు రెండు వారాలకి మించి ఉంచుకోరు. పట్నంలో నాలుగు నెలలు ఉంచుకునే సర్కారు చోటుంది, అక్కడ నీ ముందు ఎనభై మంది ఉన్నారు. సైనికుల శిబిరానికి పంపిస్తావా అంటే అమ్మ ఏడ్చింది. మిగిలింది మత్తు మాన్పించే ఆ కొండ మీది గుడి ఒక్కటే. ఏడాది ఉంచుకుంటారు. నిన్న ఒకడు బయటికి వెళ్ళాడట, ఒక్క చాప ఖాళీ అయింది. రేపటికి ఉండదు."

చాంగ్ అక్క ముఖం చూడలేదు. అమ్మని చూశాడు.

"పోయినేడు ఏడాది ఉంటానన్నానమ్మా."

మాలై వెళ్ళి బండి స్టార్ట్ చేసింది.

*

దారి పొడుగునా నాట్లు పడుతున్నాయి. నడుములు వంచిన ఆడవాళ్ళు, తలల మీద వెడల్పాటి టోపీలు, మోకాళ్ళ దాకా నీళ్ళు. చన్‌పెన్ తల తిప్పుకుంది. తన పొలంలో నారు ఇంకా కట్టలు కట్టి గట్టు మీదే ఉంది.

పోయినేడు కూడా ఇదే దారి. కార్తీకం చలి మొదలైంది. కొడుకుని గుడిలో దింపి పది రోజులే అయింది. కోతల వేళ రాకూడని వాన వచ్చింది. పండిన వరి నేలకి ఒరిగిపోయింది. కోత మిషను బురదలో దిగనంది. కూలీలు దొరకలేదు. పదకొండో రోజు పొద్దున్నే చన్‌పెన్ బస్సెక్కి గుడికి వెళ్ళింది.

చాంగ్ అప్పుడు వంటశాల వెనక గోడ కడుతున్నాడు. చేతుల నిండా సిమెంటు. ముఖంలో రంగు వచ్చింది. ఆమెని చూసి పరిగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, పెద్ద స్వామి నన్ను ఏడాది ఉండమంటున్నారు. ఉంటాను. ఇక్కడ నిద్ర పడుతోంది," అన్నాడు.

ఆ మాటకి ఆమె ఏమంది? "వరి పడిపోయిందిరా. కోత అయ్యాక మళ్ళీ వద్దువుగాని," అంది.

వాడు గోడ వైపు చూశాడు. చేతులు కడుక్కుని వచ్చాడు.

కోతకి వచ్చిన ముఠాలో ఒకడు, నడుము నొప్పి తెలియకుండా చీకటి పడేదాకా కొడవలి పట్టొచ్చని, వాడి చేతిలో ఎర్ర మాత్ర పెట్టాడు. ఆ సంగతి చన్‌పెన్‌కి తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం కొడుకు ఇద్దరి పని చేశాడని పదిమందికీ చెప్పుకుంది.

"తింటావా?" అని అన్నం బుట్ట వెనక్కి అందించింది.

చాంగ్ మూత తీసి, బంక అన్నం చిన్న ముద్ద చేసి, చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు.

"మన పొలంలోదేనా?"

"మనదే."

"పోయినేడుదా?"

"ఆఁ."

ముద్ద తిరిగి బుట్టలో పెట్టి మూత వేశాడు.

మాలై అద్దంలోంచి చూసి అంది: "అన్నం మీద అలిగి ఏం సాధిస్తావురా?"

"అలగలేదక్కా. ఆకలి లేదు."

"ఊరికే అమ్మని దెప్పకు."

"నేనేమన్నాను?"

"ఏమీ అనకుండానే దెప్పుతావు నువ్వు. చిన్నప్పట్నుంచీ అంతే."

"నువ్వు అనేసి దెప్పుతావు. అంతే తేడా."

మాలైకి నవ్వొచ్చింది. ఆపుకుంది. చాన్నాళ్ళకి అక్కాతమ్ముళ్ళు మామూలుగా కీచులాడుకున్నారు. చన్‌పెన్ అది విని, ఈ బండి ఇలాగే వెళ్తూ ఉంటే బాగుండుననుకుంది.

*

గుడి వాకిట్లో రేకుల షెడ్డు కింద చాప వేసి, పొట్టి బల్ల ముందు పెద్ద స్వామి తనే కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ముంజేతుల మీద పాత పచ్చబొట్లు వెలిసిపోయి నీలంగా ఉన్నాయి. ఆయన కూడా ఒకప్పుడు ఇలాగే వచ్చిన మనిషని అందరూ చెప్పుకుంటారు. బల్ల మీద లావుపాటి పుస్తకం. మూడున్నర అయింది.

ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు మొక్కారు. భిక్షువులు ఆడవాళ్ళ చేతి నుంచి నేరుగా తీసుకోరు కాబట్టి ఆయన పసుపు గుడ్డ ముందు పరిచాడు. చన్‌పెన్ కార్డు దాని మీద పెట్టింది.

"తావన్," అని చదివాడు. కళ్ళద్దాలు లేకుండా కార్డు దూరంగా పెట్టుకుని చూశాడు. "ఎన్నేళ్ళ నుంచి?"

"ఆరేళ్ళు, స్వామీ," అన్నాడు చాంగ్.

"రోజుకెన్ని?"

"ఉన్నన్ని."

ఆయన తలూపాడు. ఆ జవాబు ఆయనకి కొత్త కాదు. "ఇక్కడ పద్ధతి తెలుసా? బుద్ధుడి ముందు మాట ఇస్తావు. జన్మలో ఇంక ముట్టనని. ఆ మాట ఒక్కసారే. తప్పినవాణ్ణి రెండోసారి తీసుకోం. ఇదివరకు వచ్చావా?"

"మొదటిసారే, స్వామీ," అంది చన్‌పెన్.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. దారంతా నోట్లో తిప్పుకుంటూ వచ్చింది కాబోలు.

స్వామి కలం తీసి పుస్తకం తెరిచాడు.

"రాయకండి, స్వామీ," అన్నాడు చాంగ్.

మాలై వాడి మోచేయి గట్టిగా పట్టుకుంది. వాడు విదిలించుకోలేదు. కానీ ఆగలేదు.

"పోయినేడు వచ్చాను. అప్పుడు నా పేరు సోంబత్. మాట ఇచ్చాను. నలభై రోజులు కూడా నిలబెట్టుకోలేదు."

స్వామి కలం మూత పెట్టాడు. కోపం రాలేదు. పుస్తకంలో వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పాడు. ఒక చోట వేలు ఆపాడు.

"వంటశాల వెనక గోడ," అన్నాడు. "సున్నం వెయ్యకుండా వెళ్ళిపోయావు."

"అవును, స్వామీ."

"పదకొండు రోజులు. నేను ఏడాది ఉండమన్నట్టు రాసుకున్నాను. ఎందుకు పోయావు?"

చాంగ్ చాప అల్లిక వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఉండబుద్ధి కాలేదు," అన్నాడు చివరికి. "నేనే పోతానన్నాను."

చన్‌పెన్‌కి చెవులు వేడెక్కాయి. వాడు అబద్ధం పేరు చెప్పనన్నాడు. ఈ అబద్ధం మాత్రం తల వంచుకుని మోశాడు. వాణ్ణి ఇక్కడ ఎవరైనా చూసి మంచివాడంటే అది తనకి చాలు అనుకునేది. ఇప్పుడు ఆ మంచితనం కనిపిస్తున్నది ఆమెకొక్కదానికే.

ఊరుకుంటే సరిపోతుంది. కొడుకే చెప్పాడు కదా. మాలై కూడా కళ్ళతో అదే చెప్తోంది, ఊరుకోమని.

"కాదు, స్వామీ," అంది చన్‌పెన్. "వాడు ఉంటానన్నాడు. నేను తీసుకెళ్ళాను. ఇందాక మొదటిసారన్నదీ నా అబద్ధమే."

"ఎందుకు తీసుకెళ్ళావు, తల్లీ?"

"వరి పడిపోయింది."

"వరి," అన్నాడాయన. అంతే అన్నాడు. అది తిట్టులా లేదు. ఆయన కూడా రైతుబిడ్డే అయి ఉండాలి. అందుకే ఆమెకి ఇంకా కష్టమైంది.

"మరి ఇప్పుడు?" అంది మాలై. "తీసుకోరన్నమాట. బండి తిప్పనా?"

"నీకు తొందరెక్కువ, అమ్మాయ్."

"నాలుగింటికి మూసేస్తామని ఫోనులో చెప్పింది మీ వాళ్ళే, స్వామీ."

ఆయన పెదవి చివర చిన్న నవ్వు కదిలి ఆగింది. తర్వాత పుస్తకం మూశాడు. షెడ్డు వెనక ఎవరో రాళ్ళు కొడుతున్న చప్పుడు, మధ్యలో ఎవరిదో దగ్గు.

"వాడి దగ్గర రెండోసారి మాట తీసుకోను. అది నా చేతిలో లేదు," అన్నాడు. "మాట తీసుకోకుండా మత్తు వదిలించే మందు ఇవ్వను. కానీ ఆసుపత్రిలో పద్నాలుగు రోజులు ఉన్నాడు, ఒంట్లోది దిగిపోయింది. వీడికి కావలసింది మందు కాదు, ఏడాది. రాళ్ళు కొట్టేవాళ్ళతో పడుకుంటాడు, వాళ్ళతో తింటాడు, వాళ్ళతో తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు. రోగిగా కాదు, కూలివాడిగా. పారిపోతే వెతకను."

చాంగ్ తలెత్తాడు. "ఉంటాను, స్వామీ."

"నువ్వు ఉంటావని నాకు తెలుసు. పోయినేడూ ఉండేవాడివే." ఆయన చన్‌పెన్ వైపు తిరిగాడు. "నువ్వు ఉంచుతావా?"

"ఉంచుతాను, స్వామీ."

"అలా కాదు. మాట ఇచ్చినవాడు ఇచ్చాడు, తప్పాడు. తీసుకెళ్ళినవాళ్ళని మేము ఎప్పుడూ అడగలేదు. అది మా పొరపాటేమో. ఆ పక్కన విగ్రహం ముందుకి వచ్చి నువ్వు మాట ఇవ్వు. వచ్చే నాట్ల దాకా ఈ గేటు దాటి రానని. మనిషిని పంపనని. నీకూ ఒక్కసారే, తల్లీ. తప్పితే వాడి చాప తీసేస్తాను."

"అమ్మకి ఏదైనా అయితే?" అంది మాలై.

"అయినా."

"ఒంట్లో బాగాలేక మంచాన పడితే కూడా వాడికి చెప్పకూడదా? ఇదేం పద్ధతి, స్వామీ?"

"నువ్వున్నావుగా."

"ఉన్నాను," అంది మాలై నేల చూస్తూ.

*

విగ్రహం చిన్నదే. ముందు కొవ్వొత్తుల మైనం గడ్డకట్టి ఉంది. చన్‌పెన్ చేతులు జోడించింది. చాంగ్‌ని ఎదురుగా, రెండు మూరల దూరంలో కూర్చోమన్నారు. గొరిగిన తలతో వాడు ఏడేళ్ళవాడిలా ఉన్నాడు. చెవి వెనక గాట్లు ఎండిపోయాయి.

"నేను చెప్పిన వెనక చెప్పు," అన్నాడు స్వామి. "నా కొడుకుని ఏడాది ఇక్కడ వదిలి వెళ్తున్నాను."

"నా కొడుకుని ఏడాది ఇక్కడ వదిలి వెళ్తున్నాను."

"పొలం ఎండినా, పంట పడినా, ఇంట్లో మనిషి మంచాన పడినా వాణ్ణి పిలవను."

"పొలం ఎండినా, పంట పడినా..." వెనక్కి తిరిగి మాలైని చూసింది. "ఇంట్లో మనిషి మంచాన పడినా వాణ్ణి పిలవను."

"వాడే ఏడ్చి, తీసుకుపొమ్మని కబురు పెట్టినా రాను."

చన్‌పెన్ ఆగిపోయింది.

మొదటి రెండూ చెప్పగలిగింది. పొలం ఎవరికైనా కౌలుకిస్తుంది. తను మంచాన పడితే పడుతుంది. కానీ వాడు ఏడిస్తే? పదకొండో రోజున కాకపోతే అరవయ్యో రోజున, ఏ వంటవాడి ఫోనో అడుక్కుని, "అమ్మా, వచ్చెయ్యి" అంటే? తనేం చేస్తుందో ఆమెకి బాగా తెలుసు. చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కుతుంది. ఇందాక షెడ్డు కింద అబద్ధం ఎంత సులువుగా వచ్చింది. ఇక్కడ అబద్ధమాడితే పోయేది వాడి చాప.

స్వామి ఆ మాట మళ్ళీ చెప్పలేదు. తొందరపెట్టలేదు. గేటు దగ్గర ఎవరో గొలుసు లాగుతున్న చప్పుడు వినిపించింది.

"అమ్మా," అంది మాలై వెనక నుంచి. అనమనో, వద్దనో ఆ గొంతులో తెలియలేదు.

చన్‌పెన్ కళ్ళెత్తి కొడుకు వైపు చూసింది. చాంగ్ ఆమెనే చూస్తున్నాడు. వాడి పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. బడిలో పక్కపిల్లకి జవాబు అందించేవాడిలా, ఒక్కో మాటా విడదీసి, ఆమెకి అందేలా అంటున్నాడు.

వాడే ఏడ్చి.

తీసుకుపొమ్మని.

కబురు పెట్టినా.

ఆఖరి మాట మాత్రం వాడు అనలేదు. పెదాలు మూసి, అమ్మ కోసం ఆగాడు.

చన్‌పెన్ నోరు తెరిచింది.